ఎండలో కొండదారి: మా గుంపు సైకిల్ రైడ్ డైరీ

దారి గీయడం

రైడ్ అనగానే అందరూ ముందు అడిగేది ఎన్ని కిలోమీటర్లు అని. ఈసారి ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు గుంపుకి ఎత్తుపల్లాల గ్రాఫ్ చూపించాలనుకున్నాను. దూరం మొత్తం 80 కిలోమీటర్లు. అన్నీ కలిపి ఎక్కాల్సిన ఎత్తు 1,400 మీటర్లు. మూడు కొండలున్నాయి. మొదటిది చిన్నది, కాళ్లు వేడెక్కడానికి సరిపోతుంది. రెండోది పెద్దది: 6 కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 7 శాతం వాలు, అంటే 420 మీటర్ల ఎత్తు. మూడోది పొడవు తక్కువే కానీ ఎండ ముదిరాక వస్తుంది, దారి పొడుగునా నీడ లేదు. మిగతాదంతా పొలాల మధ్య ఎగుడుదిగుడు రోడ్డు.

చదునైన రోడ్డు మీద 80 కిలోమీటర్లంటే మాలో ఎవరైనా తొక్కేస్తారు. పైగా అక్కడ ఎంత ఎండగా ఉన్నా గంటకు 25 కిలోమీటర్ల వేగంలో వచ్చే గాలి ఒంటి మీద చెమటను ఆరబెడుతూనే ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు ఆ గాలి ఉండదు. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, వెనక నుంచి అదే వేగంతో గాలి వీచిందంటే ఇక మనకు తగిలే గాలి సున్నా. చెమట ఆరదు, మోచేతుల మీదుగా కారి కింద పడుతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. అందుకే ఈ రైడ్ ప్రణాళిక అంతా కిలోమీటర్లతో కాకుండా ఎత్తుతో వేశాను. నీళ్లు, గేర్లు, బయల్దేరే సమయం, ఎవరు ముందు ఎవరు వెనక అన్నవన్నీ ఆ 420 మీటర్ల నుంచే వచ్చాయి.

ఎత్తు లెక్క

మనిషి, సైకిలు, నీళ్ల సీసాలు కలిపి 80 కిలోలు అనుకుందాం. ఆ బరువును 100 మీటర్లు పైకి తీసుకెళ్లడానికి దాదాపు 80 కిలోజౌళ్ల పని చేయాలి. టైర్ల రాపిడి కూడా కలిపితే ఇంకొంచెం ఎక్కువ. మనిషి శరీరం తిన్న శక్తిలో 20 నుంచి 25 శాతమే పెడల్ మీదికి పంపగలదు, మిగతాదంతా వేడిగా మారుతుంది. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ దగ్గర దగ్గర 300 కిలోజౌళ్ల వేడి ఒంట్లో పుడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. భాగిస్తే 100 మీటర్లకు 125 మిల్లీలీటర్ల చెమట. అదీ చుక్క కూడా కింద పడకుండా అంతా ఆరిపోతేనే. కారిపోయేది, ఎండ నుంచి అదనంగా వచ్చే వేడి కలుపుకుని నేను 200 మిల్లీలీటర్లుగా వేసుకున్నాను. పెద్ద కొండకు ముప్పావు లీటరు సీసా ఒకటి కాస్త అటూఇటూగా సరిపోతుంది. మొత్తం 1,400 మీటర్లకు 2.8 లీటర్లు. ఇది ఎక్కుళ్లకు మాత్రమే.

ఈ లెక్క చేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. మాలో వేగంగా ఎక్కేవాళ్లు ఆ పెద్ద కొండను గంటకు 12 కిలోమీటర్ల వేగంతో అరగంటలో ఎక్కేస్తారు. నెమ్మదిగా ఎక్కేవాళ్లు 7 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 50 నిమిషాలు దాటుతుంది. కొండ ఒకటే, ఎత్తూ ఒకటే కాబట్టి ఇద్దరి ఒంట్లోనూ పుట్టే మొత్తం వేడి ఇంచుమించు సమానం. తేడా అంతా అది ఎంతసేపట్లో పుడుతుందన్న దాంట్లోనే. వేగంగా వెళ్లేవాడి ఒంట్లో నిమిషానికి పుట్టే వేడి చాలా ఎక్కువ, ఒళ్లు దాన్ని వదిలించుకునే లోపే పేరుకుపోతుంది. నెమ్మదిగా వెళ్లేవాడికి ఆ ఒత్తిడి తక్కువ, కానీ ఎండలో ఇరవై నిమిషాలు ఎక్కువ ఉంటాడు, సీసా ముందే ఖాళీ అవుతుంది. అంటే ప్రమాదం ఇద్దరికీ ఉంది, రకాలు వేరు. గుంపు రైడ్‌లో సాధారణంగా అందరి కళ్లూ వెనకబడినవాళ్ల మీదే ఉంటాయి. ముందు దూసుకెళ్లేవాళ్ల మీద కూడా అంతే కన్నేసి ఉంచాలని అప్పుడే రాసుకున్నాను.

గేర్లు

మాలో చాలామందికి ముందు, పెడల్ దగ్గరుండే పళ్ల చక్రాల్లో (చైన్‌రింగ్‌లు) చిన్నదానికి 34 పళ్లు, వెనక చక్రానికుండే పళ్ల పల్లేల కట్ట (క్యాసెట్)లో పెద్ద పల్లెంకి 28 పళ్లు. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిల్ రెండున్నర మీటర్ల పైన ముందుకెళ్తుంది. గంటకు 7 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 46 చుట్లు మాత్రమే. ఆ లెక్కన ప్రతి తొక్కుకీ మోకాలి మీద బరువు పడుతుంది, 50 నిమిషాల పాటు పడుతుంది. వెనక 34 పళ్ల క్యాసెట్ వేస్తే అదే వేగానికి 56 చుట్లు వస్తాయి. ముందు 30, వెనక 34 ఉన్నవాళ్లకు 63. పెడల్ తేలిగ్గా తిరిగితే తొడ కండరాలు త్వరగా అలిసిపోవు, వెన్ను వంచి హ్యాండిల్ లాగాల్సిన పని ఉండదు.

నెమ్మదిగా ఎక్కే ముగ్గురి సైకిళ్లకు క్యాసెట్లు మార్చాం. ఇది పల్లెం తీసి పల్లెం పెట్టినంత తేలిక కాదు. చైన్‌ను ఒక పల్లెం నుంచి ఇంకో పల్లెం మీదికి జరిపే డీరైలర్ పొట్టిదైతే 34 పళ్లకు అందదు, చైన్‌ను బిగువుగా పట్టే దాని చట్రం (కేజ్) పొడుగ్గా ఉన్నది వేయాలి. చైను కూడా పొడవు కావాలి. కొత్త చైన్‌ను డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్ద చైన్‌రింగ్, వెనక పెద్ద పల్లెం మీదుగా చుట్టి, రెండు కొసలు కలిసే చోటికి ఇంకో రెండు లింకులు కలిపి కోస్తే సరైన పొడవు వస్తుంది. ఒక సైకిల్‌కి పాత చైన్‌నే ఉంచి చూద్దామని యజమాని అడిగాడు. పెద్దదాని మీద పెద్దది వేసి చేత్తో తిప్పి చూపించాను: డీరైలర్ తాడు లాగినట్టు ముందుకి సాగిపోయి, పల్లెం కిందకి వంగి కిర్రుమంది. కొండ మీద అలసటలో ఎవరైనా ఆ గేరులో పడితే డీరైలర్ విరిగి స్పోకుల్లోకి వెళ్తుంది. ఇంకేం మాట్లాడకుండా కొత్త చైన్ తెచ్చాడు.

తేలిక గేరు వేసుకోవడం బలహీనత అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ పోటీ టూర్ ద ఫ్రాన్స్‌లో 1937 దాకా డీరైలర్లను అనుమతించలేదు. అప్పటిదాకా కొండ పాదం దగ్గర దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపున్న పెద్ద పల్లెం వచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు. ఇంత చక్కటి ఏర్పాటు చేతిలో ఉన్నప్పుడు వాడుకోవడంలో ఆలోచించాల్సింది ఏముంది?

ఎండకు అలవాటు

వేసవిలో తెల్లవారుజామున తొక్కి, ఎండ ముదిరేలోపు ఇంటికి చేరడం మా అలవాటు. మంచిదే, కానీ ఈ దారిలో చివరి భాగం ఎండలోనే వస్తుంది. ఒంటిని దానికి సిద్ధం చేయాలి. వేడికి శరీరం అలవాటు పడటానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి కొద్ది రోజుల్లోనే రక్తంలో ప్లాస్మా (ద్రవ భాగం) పరిమాణం పెరుగుతుంది, అదే శ్రమకు గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. తర్వాత చెమట ముందుగానే పట్టడం మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది.

రోజూ ఒక గంట, కొంచెం ఎండెక్కాక, మాట్లాడుతూ తొక్కగలిగేంత తేలిగ్గా. ఇంతకు మించి ఎవరినీ చేయమనలేదు. గంటన్నర, రెండు గంటలు తొక్కి పౌరుషం చూపించాల్సిన అవసరం లేదని పదే పదే చెప్పాను. వాచీలో గుండె వేగం చూసుకునేవాళ్లు కొద్ది రోజులకే తేడా గమనించి సంతోషంగా రాశారు. ఊరు వెళ్లడం వల్ల ఒకరికి ఇది కుదరలేదు. ఆయన్ని మొదటి రెండు కొండలకే రమ్మన్నాం, మూడో కొండ ముందు మాతో వచ్చే కారెక్కాలని ముందే ఒప్పందం. అలవాటు లేని ఒళ్లు ఎంత దృఢంగా ఉన్నా వేడి దగ్గర కొత్తదే.

నీళ్లు, ఉప్పు

ఒక్కొక్కరికి చెమట ఎంత పడుతుందో తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. గంట రైడ్‌కి ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకి ఒక లీటరు, దానికి మధ్యలో తాగింది కలపాలి. మాలో తేడాలు చూసి ఆశ్చర్యపోయాను. ఒకే రోజు, ఒకే దారి, ఒకరికి గంటకు ముప్పావు లీటరు, ఇంకొకరికి దానికి రెట్టింపు. అందరికీ ఒకే లెక్క చెప్పడం ఎందుకు పనికిరాదో ఆ కాగితం మీదే కనిపించింది.

చెమటలో లీటరుకి ఇంచుమించు ఒక గ్రాము సోడియం పోతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. టోపీ అంచు మీద, హెల్మెట్ పట్టీ మీద తెల్లటి గీతలు కట్టేవాళ్లు ఈ రెండో రకం. ఉత్త నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ఒక సీసాలో నీళ్లు, ఒక సీసాలో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పెట్టుకున్నాం. కారులో ఓఆర్‌ఎస్ (ఒంట్లో నీరు, లవణాలు పోయినప్పుడు తాగించే పొడి) ప్యాకెట్లు ఉంచాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. అది జబ్బు చేసినవాళ్ల కోసం తయారైంది. రైడ్‌లో శక్తి కోసం గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి కాబట్టి తిండి బదులు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తిండి విషయంలో ఒక్కటే నియమం: పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ తినాలి. ఎండ పెరిగాక రక్తం చర్మం వైపు, కాళ్ల వైపు మళ్లుతుంది, కడుపుకి తగ్గుతుంది. అప్పుడు గట్టి తిండి లోపలికి వెళ్లినా అరగదు.

మూడో సీసా కూడా పెట్టుకోమన్నాను, దాని మూతకి ఎర్ర టేపు చుట్టి. అది నెత్తిన పోసుకునే నీళ్లకు. తాగే నీళ్లు, పోసుకునే నీళ్లు వేరుగా ఉంటే దాహం వేసినప్పుడు ఒకటి, ఒళ్లు మండినప్పుడు ఇంకొకటి తీస్తారు, లెక్క తప్పదు. బట్టల మీద పోసిన నీరు ఆరేటప్పుడు చెమట చేసే పనే చేస్తుంది, ఒంట్లో నీరు ఖర్చు కాకుండా.

ఎవరు ముందు, ఎవరు వెనక

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువసేపు తల బద్దలు కొట్టుకున్నది దీని మీదే.

చదునైన దారిలో గుంపుగా వెళ్లడం వల్ల లాభం తెలిసిందే. ముందువాడి చక్రం వెనక దగ్గరగా ఉంటే గాలి నిరోధం బాగా తగ్గుతుంది. కొండ మీద ఎనిమిది కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధమే నామమాత్రం కాబట్టి ఆ లాభం లేదు. పైగా వెనక ఉన్నవాడికి ఉన్న కాస్త గాలీ తగలదు. గుంపు కోసం వేగం పెంచినవాడు కాలిపోతాడు, తగ్గించినవాడికి పెడల్ లయ పోతుంది. అందుకే కొండ మీద ఎవరి వేగం వాళ్లదే అన్నది అనుభవం ఉన్న ప్రతి గుంపూ పాటించే పద్ధతి. పైకి వెళ్లాక ఆగి కలుసుకోవాలి.

చిక్కు అక్కడే ఉంది. పైకి ముందు చేరినవాళ్లు ఎండలో ఇరవై నిమిషాలు నిలబడాలి. చివరివాళ్లు చేరగానే అందరూ ‘పదండి’ అంటారు, అందరికన్నా అలిసిపోయినవాడికే విశ్రాంతి దక్కదు. చాలా రైడ్‌లలో ఇదే చూశాను, చూసినప్పుడల్లా బాధేసింది.

ఈసారి తిరగేశాం. పెద్ద కొండ పాదం దగ్గర అందరం ఆగుతాం. నెమ్మదిగా ఎక్కే జట్టు ముందు బయల్దేరుతుంది. పది నిమిషాల తర్వాత మధ్య జట్టు, ఇంకో పది నిమిషాలకు వేగంగా ఎక్కేవాళ్లు. వేగంలో తేడా లెక్కేస్తే పైకి అందరూ ఇంచుమించు ఒకేసారి చేరాలి. ఇందులో ఇంకో మేలు ఉంది: బలమైనవాళ్లు వెనక నుంచి వస్తారు కాబట్టి దారిలో ఎవరు ఆగిపోయినా వాళ్ల కళ్లబడతారు. నెమ్మదివాళ్లకు కాస్త చల్లటి వేళ దొరుకుతుంది. కొసన మాలో నర్సుగా పనిచేసే అక్క వస్తుంది, ఆమె దాటి వెనక ఎవరూ ఉండకూడదు.

ఇంకో నియమం అందరితో గట్టిగా ఒప్పించాం. ఒకరు ఆగమంటే ఆగాలి, ఆ మాట అన్నవాడు వయసులో చిన్నవాడైనా సరే. ‘నేను బాగానే ఉన్నాను’ అన్న మాట లెక్కలోకి రాదు. వేడి తలకెక్కినవాడికి తను బాగా లేనన్న సంగతి ముందుగా తెలియదు. 1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్‌లో మాంట్ వెంటూ కొండ మీద బ్రిటిష్ రైడర్ టామ్ సింప్సన్ కుప్పకూలి చనిపోయాడు. తీవ్రమైన ఎండ, శ్రమ, ఒంట్లో యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందులు, మద్యం అన్నీ కలిశాయి. శరీరం పంపే ఆపు సంకేతాన్ని ఆ మందులు నొక్కేస్తాయి. మందు లేకపోయినా పట్టుదల కొంతవరకు అదే పని చేస్తుంది. అందుకే నిర్ణయం పక్కవాడి చేతిలో పెట్టాం.

టైర్లు, బ్రేకులు

గాలి గురించి అందరికీ టెన్షన్. ఎండకు టైరు పేలుతుందా అని. 80 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) కొట్టిన టైరు 20 డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి ఆరు పీఎస్ఐ దాకా పెరుగుతుంది, అంతే. మంచి టైరుకి అదొక లెక్క కాదు. అంచు దాకా కొట్టే అలవాటున్నవాళ్లు మాత్రం కాస్త తగ్గించుకోవాలి. 28 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసుకున్నవాళ్లు తక్కువ గాలితోనే హాయిగా వెళ్లొచ్చు, గుల్లబారిన పల్లె రోడ్ల మీద చేతులు తిమ్మిరెక్కవు.

అసలు జాగ్రత్త దిగుడులో. ఎక్కినంత ఎత్తూ దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. 80 కిలోల బరువు 420 మీటర్లు దిగితే 330 కిలోజౌళ్లు. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాది బ్రేకుల్లో వేడి అవుతుంది. చక్రం అంచును (రిమ్ము) పట్టి ఆపే రిమ్ బ్రేకులను దిగినంతసేపూ నొక్కి పట్టుకుంటే రిమ్ము కాలి లోపలి ట్యూబు దెబ్బతింటుంది. మలుపుకి ముందు గట్టిగా నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయాలి. వదిలినప్పుడు తగిలే గాలికి రిమ్ము చల్లబడుతుంది. ప్యాడ్లు అరిగినవన్నీ మార్చాం, రిమ్ముల మీద నల్లటి మరకలు తుడిచాం. స్పోకుల పరీక్షకి ఒక సాయంత్రం చాలింది.

రైడ్ రోజు

తెల్లవారక ముందే బయల్దేరాం. అప్పటికి 27 డిగ్రీలు. మొదటి కొండ మాటల్లోనే అయిపోయింది. ఎవరినీ మించి వెళ్లనివ్వలేదు.

పెద్ద కొండ పాదం దగ్గర జట్లుగా విడిపోయాం. నేను మధ్య జట్టులో. మొదటి రెండు కిలోమీటర్లు చెట్ల నీడ, తర్వాత కొండ ఒక పక్కకి తెరుచుకుని ఎండ నేరుగా పడింది. నాలుగో కిలోమీటరు దగ్గర వాలు 10 శాతానికి పెరుగుతుంది. అక్కడ చెమట చుక్కలు హ్యాండిల్ మీద పడి ఒక్కోటీ గుండ్రటి మచ్చలా కాసేపు నిలిచి, ఆరాక తెల్లటి అంచు మిగిల్చాయి. హెల్మెట్ పట్టీ బుగ్గకి ఉప్పుకాగితంలా గరుగ్గా తగులుతోంది. కొత్త క్యాసెట్ వేయించుకున్న ముగ్గురూ కూర్చునే తొక్కుతున్నారు, భుజాలు కదలడం లేదు. అది చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

పైకి మొదట చేరినవాళ్లకి, చివర చేరినవాళ్లకి మధ్య తేడా ఐదు నిమిషాల లోపే. అందరం నీడలో కూర్చున్నాం, అందరం ఒకేసారి లేచాం. వెనకబడ్డాననే మాట ఎవరి నోటా రాలేదు.

దిగుడులో తారు కరుగుతోంది. మెరుస్తున్న నల్లటి చారల మీద టైరు వెళ్తే చిరచిరమని శబ్దం వస్తుంది, తారు అంటుకుని దానికి చిన్న రాళ్లు పట్టుకుంటాయి. ఆ రాళ్లు ఫోర్కుకి టకటక కొట్టుకుంటాయి. 2003 టూర్ ద ఫ్రాన్స్‌లో స్పెయిన్ రైడర్ జోసెబా బెలోకి గ్యాప్ పట్టణం వైపు దిగుతూ ఇలాంటి కరిగిన తారు మీదే వెనక చక్రం జారి పడ్డాడు, తొడ ఎముక విరిగింది. వెనకే వస్తున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ రోడ్డు వదిలి పొలంలోంచి దూసుకెళ్లి తప్పించుకున్నాడు. మేం రోడ్డులో మెరుపు లేని, గరుకుగా బూడిదరంగులో ఉన్న భాగాన్ని పట్టుకుని, సైకిలుకి సైకిలుకి మధ్య బాగా ఎడం ఉంచి దిగాం. మలుపు మధ్యలో బ్రేకు ముట్టుకోవద్దని ముందువాడు చెయ్యెత్తి గుర్తు చేస్తూనే ఉన్నాడు. కింద ఆగి టైర్ల మీద రాళ్లన్నీ చేత్తో గీకేశాం, అవి అలాగే ఉంటే లోపలికి దిగి పంక్చర్ అవుతుంది.

మూడో కొండ దగ్గరికి వచ్చేసరికి 38 డిగ్రీలు. చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఇక గాలి తగిలినా వేడే ఎక్కుతుంది, చెమట ఆరడం ఒక్కటే దిక్కు. ఒప్పందం ప్రకారం ఒకాయన కారెక్కాడు. మిగతావాళ్లం మళ్లీ జట్లుగా బయల్దేరాం.

సగం దూరంలో మాలో అందరికన్నా గట్టి రైడర్ నా పక్కకి వచ్చాడు. మామూలుగా నన్ను దాటేటప్పుడు ఏదో ఒక మాట అంటాడు. ఈసారి ఏమీ అనలేదు. సైకిల్ కొంచెం అటూఇటూ ఊగుతోంది. చూస్తే ఆ ఎండలో ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

“అన్నా, ఆపు.”

“ఏం కాలేదురా, పైదాకా వెళ్దాం.”

“ఒప్పందం అన్నా. దిగు.”

దిగాడు. ఆ మాట ముందే అనుకుని ఉండకపోతే దిగేవాడు కాదు. రోడ్డు పక్క బండ నీడలో పడుకోబెట్టాం. రెండు నిమిషాల్లో అక్క వచ్చింది. హెల్మెట్, బూట్లు తీయించింది, జిప్ కిందకి లాగి కాళ్లు ఎత్తులో పెట్టించింది. ఎర్ర మూత సీసాలన్నీ తెమ్మంది. మెడ మీద, తల మీద, చంకల్లో నీళ్లు పోస్తూ దారి గ్రాఫ్ ఉన్న అట్టతో మమ్మల్ని విసరమంది. మధ్యలో ఈ రోజు ఏ వారం, ఎక్కడున్నాం అని అడుగుతూనే ఉంది. జవాబులు ఆలస్యంగా వచ్చినా సరిగ్గా వచ్చాయి. మాట తడబడినా, అయోమయంగా మాట్లాడినా అది వడదెబ్బ కింద లెక్క, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి, అది వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు అంది. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటారు చాలామంది. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటొచ్చు. చెమటను కాదు, మాటను చూడాలి.

ఇరవై నిమిషాల్లో ముఖంలోకి రంగు వచ్చింది, వణుకు పోయింది. లేచి కూర్చుని ఉప్పు చక్కెర నీళ్లు కొద్దికొద్దిగా తాగాడు. పైకి వెళ్దామని ఆయనా అనలేదు, మేమూ అనలేదు. కారులో పంపి, తోడుగా ఒకరిని కూర్చోబెట్టాం. మిగతావాళ్లం దిగి సైకిళ్లను నడిపించుకుంటూ కొంత, తొక్కుతూ కొంత పైకి చేరాం.

తర్వాత

గట్టి రైడర్ సాయంత్రానికి కోలుకున్నాడు. అక్క సలహా మీద డాక్టర్‌కి చూపించుకుని, కొద్ది రోజులు ఎండలో తొక్కడం మానేశాడు. రెండో కొండను తను ఎప్పుడూ ఎక్కనంత వేగంగా ఎక్కానని వాచీ చూపించాడు. వెనక బయల్దేరడం వల్ల ముందున్నవాళ్లను ఒక్కొక్కరినీ దాటాలన్న ఉత్సాహం వచ్చిందట. ఈ ఏర్పాటులో ఉన్న లోపం ఇది. వేగంగా ఎక్కేవాళ్లకు ఇకపై గుండె వేగానికి ఒక హద్దు చెప్పాలి, దాటేవాళ్ల లెక్క కాకుండా ఆ హద్దుని చూసుకునేలా.

బరువులు చూసుకున్నాం. చాలామందికి తగ్గింది రెండు శాతం లోపే. నెమ్మది జట్టులో ఒకరికి మాత్రం బరువు పెరిగింది. భయంతో అవసరానికి మించి తాగారన్నమాట. ఒంట్లో బాగానే ఉంది కానీ అది సోడియం పలచబడే దారి, ఇక నుంచి దాహాన్ని బట్టి తాగమన్నాం. 100 మీటర్లకు 200 మిల్లీలీటర్ల లెక్క ఆమెకు ఎక్కువైంది. ఆమె బరువు తక్కువ, చెమటా తక్కువ. ఇకపై ఈ లెక్కను ఒక్కొక్కరి చెమట కాగితంతో గుణించే చెప్తాను.

ఎర్ర మూత సీసాలు సరిపోలేదు. మూడో కొండ పాదం దగ్గర కారులో ఐసు డబ్బా, తడి తువ్వాళ్లు ఉండాలి. అక్కడే పది నిమిషాల తప్పనిసరి ఆపు పెడుతున్నాం.

దారిని వెనక నుంచి ముందుకి తిప్పి మళ్లీ గీశాను. అటువైపు నుంచి వస్తే నీడ లేని కొండ పొద్దున్నే దాటిపోతుంది, వాలు కూడా 5 శాతమే. ఎండ ముదిరే వేళకి చిన్న కొండ ఒక్కటే మిగులుతుంది. అయితే పెద్ద కొండకు అటువైపు వాలు ఎలా ఉందో గ్రాఫ్‌ని నమ్మి చెప్పలేను, తొక్కి చూడాలి. వచ్చే ఆదివారం తెల్లవారుజామున నేనూ అక్కా వెళ్తున్నాం.